చిన్నమెదడు చితికితే ఏమవుతుంది? – యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

వ్యాసం అందింది. ‘మానవ మెదడు ఒక మహాద్భుతం’ అని మొదలుపెట్టి, మొదటి పేజీలోనే మస్తిష్కం, ద్వారగోర్ధం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని వరసపెట్టేశావు. పదో తరగతి పుస్తకం గుర్తున్నవాళ్లకు అవి ముందే తెలుసు. గుర్తులేనివాళ్లకు ఒక్కటీ తలకెక్కదు.

నీకు కావలసిన మొదటి వాక్యం వీధిలోనే ఉంది. అర్థంకాని లెక్క ఎదురైతే మనవాళ్లు ‘చిన్నమెదడు చితికిపోయింది’ అంటారు కదా. తల వెనకభాగంలో, పెద్దమెదడు కింద ఉండే అది నిజంగా చితికితే ఏమవుతుందో రాయి. లెక్కలు రాకపోవడం కాదు ముందు కనపడేది. నడక తూలుతుంది. కాళ్లు ఎడంగా వేస్తే తప్ప నిలబడలేరు. ముక్కు ముట్టుకోమంటే, వేలు ముక్కు దగ్గరికి వచ్చేకొద్దీ వణికి పక్కకు పోతుంది. మాట ముద్దగా వస్తుంది. కండల్లో బలం తగ్గక్కర్లేదు, కుదురు మాత్రం పోతుంది. తాగినవాడి నడక అచ్చం ఇలాగే ఉండటానికి కారణం మద్యం చిన్నమెదడు మీద కూడా పనిచేయడమే. ఇంత చెప్పాక దీన్ని పుస్తకాల్లో అనుమస్తిష్కం అంటారని చెప్పు. అప్పుడు ఆ పేరు గుర్తుంటుంది.

మెదడు గురించి రాసేటప్పుడు ఇదే వరస పాటించు. ఎక్కడుందో ముందు, దెబ్బతింటే ఏం పోతుందో తర్వాత, పేరు చివర. మెదడు పని గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఈ దారినే వచ్చింది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన రోగి ఎదుటివాళ్ల మాటలు అర్థం చేసుకునేవాడు, తను మాత్రం ‘టాన్’ అన్న ముక్క తప్ప దాదాపు ఏమీ పలకలేడు. చనిపోయాక చూస్తే ఎడమ నుదుటి తమ్మెలో (పెద్దమెదడు భాగాలను తమ్మెలంటారు), కింద వెనకవైపు దెబ్బ ఉంది. 1874లో జర్మన్ వైద్యుడు వెర్నికె దీనికి తిరగేసిన కథ రాశాడు: మాట గలగలా వస్తుంది, అర్థం ఉండదు, వినేది కూడా బోధపడదు. అక్కడ దెబ్బ ఎడమ కణత తమ్మె వెనకభాగంలో.

హెన్రీ మొలైసన్ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు. దానికి ఒక పేరా ఇవ్వు. 1953లో అమెరికాలో మూర్ఛలు తగ్గించడానికి ఆయన మెదడులో రెండువైపులా కణతల లోపల ఉండే హిప్పోకాంపస్‌లో చాలా భాగం, దాని చుట్టుపక్కల భాగాలతో సహా తీసేశారు. తెలివి తగ్గలేదు, చిన్ననాటి సంగతులు గుర్తున్నాయి, కొత్తగా జరిగినది మాత్రం నిలవలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం రోజురోజుకీ మెరుగైంది. ముందురోజు గీసినట్టు మాత్రం ఆయనకు గుర్తులేదు! జ్ఞాపకం ఒకే రకం కాదని, చేతికి అబ్బే నేర్పు వేరే దారిన నిలుస్తుందని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు.

అలాగని ‘జ్ఞాపకాలు హిప్పోకాంపస్‌లో దాచి ఉంటాయి’ అని రాశావో, తప్పు. ఫ్యూజు పోతే ఇల్లంతా చీకటవుతుంది. అంతమాత్రాన వెలుగు ఫ్యూజులో ఉన్నట్టు కాదు. ఆ భాగం లేకుండా ఆ పని జరగలేదు అన్నంతవరకే నీ వాక్యం వెళ్లాలి.

రాసేముందు ఒక్కసారైనా మెదడును చేత్తో పట్టుకో. తలకాయ మాంసం అమ్మే కొట్టుకు వెళ్లి, మేక మెదడు చితక్కుండా తీసిమ్మని అడుగు. నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మనది దాదాపు 1,300 నుంచి 1,400 గ్రాములు. మెదడును కప్పే మూడు పొరల్లో మందపాటి వరాశిక చాలావరకు పుర్రెకే ఉండిపోతుంది. కుళాయి కింద కడిగితే ఎర్రటి నరాలతో చేతికొచ్చే పల్చటి పొర మిగతా రెండింటిదీ. వంటచేసేవాళ్లు ఒలిచి పారేసేది అదే. వాళ్లు నరాలంటారు గానీ అవి రక్తనాళాలు. నీ వ్యాసంలోనూ ఈ తికమక రెండుచోట్ల ఉంది. మెదడు మెత్తగా జారిపోతుంటే ఫ్రీజర్‌లో కాసేపు ఉంచి మధ్యకు కోయి. అంచున బూడిదరంగు ధూసర పదార్థం, లోపల తెలుపు. చిన్నమెదడులో ఆ తెలుపు చెట్టు కొమ్మల్లా చీలి ఉంటుంది. మేకకు వాసన చూసే బుడిపెలు ముందుకు పొడుచుకొచ్చి పెద్దవిగా ఉంటాయి, మనకు చిన్నవి. మేకకు చిన్నమెదడు వెనక ఉంటుంది, మనకు పెద్దమెదడు కిందికి పోయింది. పళ్లెంలో పెడితే తన బరువుకు తనే చదునుగా కూలబడుతుంది, గమనించు. తలలో అలా కూలిపోకపోవడానికి కారణం మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే సుమారు 150 మిల్లీలీటర్ల మస్తిష్కమేరుద్రవం. అందులో తేలడం వల్ల మన మెదడు బరువు 50 గ్రాముల చిల్లర మాత్రమే అన్నట్టు ఉంటుంది. ఆ ద్రవం రోజుకు అర లీటరు దాకా తయారై, అంతే రక్తంలో కలుస్తుంటుంది. దారి మూసుకుపోతే తలలో నీరు చేరుతుంది.

ఇక కుడి, ఎడమలు. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఎడమ పెద్దమెదడు కుడి కాలూచేతుల్ని నడుపుతుంది, ఎందుకంటే కదలిక తీగల్లో అధికభాగం, మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే మజ్జాముఖం దగ్గర అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి. ఈ సూత్రాన్ని చిన్నమెదడుకూ అంటగట్టావు. అది కుదరదు. చిన్నమెదడులో కుడివైపు దెబ్బ తగిలితే కుడి చెయ్యే తడబడుతుంది. చూపు సంగతీ అంతే. వెనక తమ్మెలో ఎడమవైపు దెబ్బతింటే కుడి కన్ను పోదు, రెండు కళ్లకూ కుడివైపు దృశ్యం పోతుంది. ‘ఎడమ మెదడువాళ్లు లెక్కలకు, కుడి మెదడువాళ్లు కళలకు’ అన్న పేరా మొత్తం కొట్టేశాను. ‘మనం మెదడులో పదిశాతమే వాడతాం’ అన్నదీ కొట్టేశాను. శరీరం బరువులో రెండు శాతమున్న మెదడు, విశ్రాంతిలో శరీరం ఖర్చుచేసే శక్తిలో అయిదో వంతు తినేస్తుంది. తొంభై శాతం ఊరికే కూర్చోబెట్టి ఎవరు మేపుతారు?

అంకెల్లో ఒక జాగ్రత్త. 86 బిలియన్ల నాడీకణాలను నువ్వు 86 కోట్లు చేశావు. బిలియన్ అంటే 100 కోట్లు, కాబట్టి 8,600 కోట్లు. పాత వ్యాసాల్లో కనిపించే 10,000 కోట్లు సరైన లెక్క లేని రోజుల అంచనా. 2009లో అచ్చయిన లెక్కలో ఇంకో తమాషా ఉంది: వాటిలో దాదాపు 6,900 కోట్లు బరువులో పదో వంతే ఉన్న చిన్నమెదడులోనే ఉన్నాయి.

2017లో గుంటూరులో రోగికి సినిమా చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారన్న వార్తను వింతగా వాడుకున్నావు. వింత అక్కడ లేదు. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు, తల పైచర్మం లాంటి నొప్పి తెలిసే భాగాలకు మత్తు ఇస్తారు. రోగి మెలకువగా ఉంటే, కోస్తున్నప్పుడు మాట తడబడుతుందా, చెయ్యి కదులుతుందా అని చూసుకోవచ్చు. ఆ కారణం రాయకపోతే వార్త తమాషాగానే మిగిలిపోతుంది.

వచ్చే వ్యాసం పక్షవాతం మీద అన్నావు. పక్షం అంటే పక్క. శరీరంలో ఒక పక్క పడిపోవడం పేరులోనే ఉంది, అక్కడినుంచి ఎత్తుకో. మూతి వంకర, చెయ్యి పైకెత్తి ఉంచలేకపోవడం, మాట తేడా – ఈ మూడూ రాసి వెంటనే 108 రాయి. నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటల గడువు. ఆ గడువు ఇంట్లోవాళ్లు చూసిన క్షణం నుంచి లెక్కకు రాదు, మనిషి ఆఖరిసారి మామూలుగా ఉన్న సమయం నుంచి వస్తుంది. రాత్రి పదింటికి బాగానే పడుకుని పొద్దున ఆరింటికి పడిపోయి కనిపిస్తే లెక్క పదినుంచే. అలాంటివాళ్లలో కొందరికి స్కాన్ చూసి ఇంకా చికిత్స చేయవచ్చు, కాబట్టి ‘ఇక లాభం లేదు’ అని మాత్రం రాయకు. సీటీ స్కాన్ ఎందుకు ముందో కూడా చెప్పు: నాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది బయటికి చూసి చెప్పలేం, చిట్లినవాళ్లకు ఆ మందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే రక్తం గడ్డకట్టనీయని ఆస్పిరిన్‌ను ఇంట్లో మింగించమని ఎవరు చెప్పినా అచ్చులోకి రానీకు. నోట్లో నీళ్లు పోయవద్దని పెద్దక్షరాల్లో వెయ్యి. మింగడం దెబ్బతిని ఉంటే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

సవరించిన ప్రతిని బొమ్మతో సహా పంపు. బొమ్మలో చిన్నమెదడు ఎక్కడ గీశావో ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య