చలికి తిలాపియా మేత మానేస్తే బలవంతంగా పెట్టకండి

ప్రశ్న: హోసకోటె దగ్గర మా పొలంలో షీటు పరిచిన కృషి హొండ (పొలం నీటి కుంట) ఉంది. పొడవు 30 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. తిలాపియా, రోహు, బొచ్చె కలిపి వదిలాను. డిసెంబరు రెండో వారం నుంచి తిలాపియా మేతకు రావడం లేదు. పొద్దున చూస్తే రెండు మూడు చచ్చి తేలుతున్నాయి, ఒంటి మీద దూదిలా కనబడుతోంది. మేత మార్చమని ఒకరంటే, యాంటీబయాటిక్ కలపమని షాపాయన అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక రైతు, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: ముందు మేత ఆపండి. యాంటీబయాటిక్ కొనకండి. ఆ దూదిలాంటిది బూజు, యాంటీబయాటిక్‌కు లొంగదు. మలకైట్ గ్రీన్ అని ఎవరైనా అంటగట్టబోతే అసలు తీసుకోవద్దు, తినే చేపలకు దాని వాడకం నిషేధం.

చేపకు మనలాగా సొంత ఒంటి వేడి ఉండదు. నీళ్లు ఎంత చల్లబడితే ఒళ్లూ అంత చల్లబడుతుంది. జీర్ణరసాలు మందగిస్తాయి, తిన్న మేత పేగులో చాలాసేపు నిలిచిపోతుంది. తిలాపియా వెచ్చని నీళ్ల చేప. నీరు 20 డిగ్రీల కంటే తగ్గితే ఆకలి పడిపోతుంది, 16–17 దగ్గర దాదాపు తినడం మానేస్తుంది, 10–12కు దిగితే బతకదు. బెంగళూరు చుట్టుపక్కల నీళ్లు అంతగా చల్లబడవు కాబట్టి మీ చేపలు చలికే నేరుగా చస్తున్నాయని నేననుకోను. చలికి నీరసపడి, ఆ తర్వాత బూజుకు లొంగిపోతున్నాయి.

ఆ నీరసం ఎలా వస్తుందో తెలిస్తే ఏం చేయాలో మీకే తడుతుంది. నెయ్యి చలికి గడ్డకడుతుంది, నువ్వుల నూనె గడ్డకట్టదు. చేప ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే సన్నని కొవ్వు పొర కూడా చలికి బిగుసుకుంటుంది. అప్పుడు చేప ఆ పొరలో నెయ్యిలాంటి కొవ్వును తగ్గించి, నూనెలాంటి కొవ్వును పెంచుకుంటుంది. ఈ మార్పు కొన్ని రోజుల్లో మొదలైనా పూర్తి కావడానికి వారాలు పడుతుంది. బంగారు తీగ (కామన్ కార్ప్) చేపలు ఈ పనిలో గట్టివి, తిలాపియా అంత గట్టిది కాదు. చలి మెల్లగా ముదిరితే చేప సర్దుకుంటుంది. ఒక్క రాత్రిలో నాలుగైదు డిగ్రీలు పడితే ఆ వ్యవధే దొరకదు.

అదే సమయంలో మొప్పల్లో ఉప్పును పట్టి ఉంచే యంత్రాంగం కూడా మందగిస్తుంది. రక్తంలో ఉప్పు తగ్గుతుంది, ఒత్తిడి హార్మోను పెరుగుతుంది, రోగనిరోధక శక్తి పడిపోతుంది. వల తగిలి పొలుసు లేచిన చోట బూజు పట్టేది అప్పుడే. అందుకే ఈ నెలన్నర వల వేయకండి, చేపలను ఒక హొండ నుంచి ఇంకో హొండకు మార్చకండి.

ఒక థర్మామీటరు కొని, రెండడుగుల లోతులో పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి నీటి వేడి చూసి రాసుకోండి. మధ్యాహ్నం కూడా 20 దాటకపోతే మేత వద్దు. 20–24 మధ్య ఉంటే మామూలు మేతలో సగం, అదీ మధ్యాహ్నం ఒక్కపూటే. తేలే మేత వేస్తే ఎంత తిన్నాయో కళ్లకు కనబడుతుంది. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, షీటు హొండలో దాన్ని పీల్చుకునే మట్టి కూడా ఉండదు.

నీటి మట్టం ఆరడుగుల కంటే తగ్గనివ్వకండి. మీ బోరు నీళ్లు చలికాలం తెల్లవారుజామున హొండ నీళ్లకంటే వెచ్చగానే ఉంటాయి, చెయ్యి పెట్టి చూడండి. ఆ వేళకు రోజూ కాసేపు వదలండి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి గాలిలోకి చిమ్మి పడేలా పైపు పెట్టండి. ఏరేటర్ ఉంటే చలి రాత్రుల్లో ఊరికే తిప్పవద్దు, నీళ్లు ఇంకా చల్లబడతాయి. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే మాత్రం వెంటనే తిప్పాలి.

చచ్చినవాటిని రోజూ తీసి పాతిపెట్టండి. బూజు పట్టినా ఇంకా ఈదుతున్నవి సులువుగా చేతికొస్తే, 100 లీటర్ల నీటిలో 2 కిలోల కల్లుప్పు కరిగించి రెండు మూడు నిమిషాలు ఉంచి వదలండి. పక్కకు ఒరిగితే ఆ క్షణమే తీసేయండి. ఉప్పు హొండలో మాత్రం కలపకండి, ఆ నీళ్లే పంటకు పారాలి.

రోహు, బొచ్చెల మీద కూడా ఓ కన్ను వేయండి. వాటికి ఎర్రమచ్చలు వచ్చి పుండ్లు పడుతుంటే అది వేరే జబ్బు. 1988 నుంచి మన దేశంలో ఉన్న ఆ పుండ్ల వ్యాధి 18–22 డిగ్రీల నీటిలోనే ఎక్కువగా లేస్తుంది. అలాంటివి కనబడితే మందులు వేయకముందే రెండు మూడు బతికున్న చేపలను నీళ్లతో సహా హెసరఘట్టలోని సిఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి.

వచ్చే ఏడు నవంబరులోనే పెద్ద తిలాపియాను పట్టి అమ్మేయండి. ఉంచదలచినవాటికి అక్టోబరు నుంచి తాజా మేత, విటమిన్ సి కలిపి పెట్టండి. ముక్కవాసన వచ్చిన పాత తవుడు వేయకండి, అందులో చేపకు చలికి కావాల్సిన నూనె అప్పటికే చెడిపోయి ఉంటుంది.