60 కార్డులు, 50 నిమిషాలు: పోకెమాన్ పోటీకి వెళ్లేవారి ప్రశ్నలు

పోకెమాన్ కార్డుల పోటీల మీద నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఇవన్నీ బల్ల మీద 60 కార్డులతో ఆడే స్టాండర్డ్ ఆట గురించి. ఫోన్లో ఆడే ‘పాకెట్’ దీనికి తమ్ముడి లాంటిదే గానీ ఆట వేరు. అందులో డెక్‌కి (ఆడేవారి కార్డుల కట్టకి) 20 కార్డులే, ప్రైజు కార్డులు (మొదట్లో పక్కన బోర్లించి, ఎదుటి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడు తీసుకునేవి) ఉండవు, ఎనర్జీ (దాడికి కావలసిన శక్తి) దానంతటదే వస్తుంది. ఆ అలవాటుతో డెక్ కట్టుకుని పోటీకి వెళ్తే మొదటి రౌండులోనే తేడా తెలిసిపోతుంది.

ప్రశ్న: ఇంకో మూడు వారాల్లో చెన్నైలో పోటీ ఉంది. గెలిచినవాళ్ల డెక్ చూసి ఉన్నదున్నట్టు కట్టినా ఓడిపోతున్నా. ఓడినప్పుడల్లా నాలుగైదు కార్డులు మారుస్తున్నా. ఇంకేం మార్చాలి? — ఇంటర్ విద్యార్థి, కావలి

ప్రస్తుతానికి ఏమీ మార్చకండి. రోజూ మారే డెక్‌తో ఎందుకు ఓడుతున్నారో మీకే తెలియదు. ముందు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఓడిన ప్రతి ఆటకీ కారణం ఒక్క ముక్కలో రాయండి: ‘బేసిక్ (ఆట మొదలుపెట్టడానికి చేతిలో కనీసం ఒకటి ఉండాల్సిన పోకెమాన్) ఒక్కటే వచ్చింది’, ‘ఎనర్జీ అందలేదు’, ‘కావలసిన కార్డు ప్రైజుల్లో ఉంది’, ‘నేనే తప్పు ఆడాను’. 20 ఆటలయ్యాక చూస్తే చాలామందికి నాలుగో కారణమే ఎక్కువ కనిపిస్తుంది. దానికి కార్డు మార్చి లాభం లేదు. మొదటి రెండు కారణాలు పదేపదే వస్తుంటే అప్పుడు మార్చండి, అదీ ఒకసారికి రెండు కార్డులకు మించకుండా.

మీరు డెక్ వివరాలు కూడా రాశారు. అందులో బేసిక్ పోకెమాన్ 8 మాత్రమే ఉన్నాయి. 60 కార్డుల్లో 8 బేసిక్‌లుంటే మొదటి 7 కార్డుల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం 34.6 శాతం. అంటే మూడు ఆటల్లో ఒకసారి చేతిలోవి చూపించి మళ్లీ కలపాల్సిందే. అలా కలిపిన ప్రతిసారీ ఎదుటివారు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. బేసిక్‌లు 10 ఉంటే ఇది 26 శాతానికి, 12 ఉంటే 19 శాతానికి దిగుతుంది. గెలిచిన డెక్ కట్టినవాళ్లు 8తో సరిపెట్టారంటే వాళ్ల లెక్క వాళ్లకి ఉంటుంది. ఆ లెక్క అర్థం కాకుండా జాబితా మాత్రమే తెచ్చుకుంటే ఉపయోగం లేదు.

ఇక ప్రైజులు. మీ డెక్‌లో ఒక్కొక్కటే పెట్టుకున్న కార్డులు 8 ఉన్నాయి. ఒక్కో కార్డు 6 ప్రైజుల్లో ఇరుక్కునే అవకాశం పదింట ఒకటి. ఎనిమిదిట్లో కనీసం ఒకటైనా అక్కడ ఉండే అవకాశం 59 శాతం. అంటే సగానికి పైగా ఆటల్లో మీరు నమ్ముకున్న ఏదో ఒక కార్డు మీ అందుబాటులో లేదు. అది మొదటి టర్నులోనే తెలియాలి. ఎక్కువమంది నాలుగో టర్నులో, ఆ కార్డు కోసం డెక్ తెరిచి వెతుకుతూ తెలుసుకుంటారు.

ఇందుకు ఇంట్లో చేసే సాధన ఒకటుంది. డెక్ కలిపి 7 చేతిలోకి తీసుకోండి, 6 పక్కన బోర్లించండి. మిగిలిన 47ని విసనకర్రలా విప్పి ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టండి. కార్డులు మొదటి నుంచి చివరిదాకా చదవొద్దు. ముందు ఒక్కటే ఉన్న కార్డుల్ని ఒకటొకటిగా వెతకండి. తర్వాత రెండేసి ఉన్నవి. ఆ తర్వాత ముఖ్యమైన పోకెమాన్ లైను (ఒకదాన్నుంచి ఒకటి ఎదిగే కార్డులు). చివరగా ఎనర్జీ లెక్క. టైమర్ మోగగానే బోర్లించిన ఆరూ ఏమిటో నోటితో చెప్పి తిప్పి చూడండి. మొదట్లో రెండో మూడో సరిపోతాయి. రోజుకు పదిసార్లు చేస్తే వారంలో నాలుగైదు చెప్పగలుగుతారు, ఆటకి అది చాలు. పోటీలో డెక్ వెతికే మొదటి కార్డు వేసినప్పుడు ఈ పని చేయండి. కావలసిన కార్డు కనబడగానే తీసేసుకుని డెక్ మూసెయ్యకండి.

సాధనకు మంచి డెక్కులు నాలుగు చూసుకుని ఒక్కోదానితో పది ఆటలు ఆడండి, ఐదు ముందు వెళ్తూ, ఐదు తర్వాత వెళ్తూ. ముందు వెళ్లినవారికి మొదటి టర్నులో దాడి లేదు, సపోర్టర్ అనే సహాయక కార్డు వేయడం కూడా లేదు. అందుకే రెండు వైపులా ఆట పూర్తిగా వేరుగా ఉంటుంది. కావలిలో అన్ని డెక్కులూ దొరకవు కదా అంటారేమో, పాత కార్డు ముందు కాగితం పెట్టి స్లీవ్‌లో (కార్డు తొడుగులో) దూర్చి పేరు రాసుకోండి. ఇంట్లో ఎవరూ అడగరు. పోటీలో మాత్రం అలాంటిది ఒక్కటి కూడా కుదరదు.

చివరి మూడు రోజులు డెక్ తాళం వేసినట్టే, ఒక్క కార్డూ మార్చొద్దు.

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. అంగట్లో పది రూపాయల ప్యాకెట్లు కొని డబ్బా నిండా పెట్టుకున్నాడు. బంగారు రంగు కార్డులు కూడా ఉన్నాయి. వీటితో పోటీకి పంపొచ్చా? మా అత్తగారు ఇది పేకాటే అంటున్నారు. — ఒక తల్లి, కందుకూరు

ఆ ప్యాకెట్లలోవి దాదాపుగా అన్నీ నకిలీవేనమ్మా. బంగారు రేకు లాంటి ప్లాస్టిక్ కార్డులైతే చూడనక్కర్లేదు, పక్కన పెట్టేయండి. మిగిలినవాటిని ఇలా చూడండి. అసలు కార్డు అంచు దగ్గరగా చూస్తే రెండు తెల్లటి పొరల మధ్య సన్నని నల్ల గీత కనబడుతుంది. ఫోన్ టార్చి వెనక పెడితే నకిలీది కాగితంలా వెలుగుతుంది, అసలుది వెలుతురును బాగా ఆపేస్తుంది. వెనక వైపు నీలం రంగు వెలిసినట్టో, ఊదాగానో ఉన్నా, పోకెమాన్ పేరులో ఇంగ్లిషు ‘e’ మీది చిన్న గీత లేకపోయినా అనుమానించాల్సిందే. ఒక అసలు కార్డు పక్కన పెట్టి పోల్చడం అన్నిటికన్నా తేలిక.

బాబు మొదలుపెట్టడానికి కట్టి అమ్మే రెడీ డెక్ ఒకటి కొనండి. కార్డు కింద ఎడమ మూలన చిన్న అక్షరం ఉంటుంది. ఏ అక్షరాలున్న కార్డులు ఈ ఏడు చెల్లుతాయో నిర్వాహకుల్ని అడిగి తెలుసుకోండి. ఇది ఏటా మారుతుంది. ప్రపంచ పోటీల్లో ఆడిన డెక్కులంటూ అమ్మే పెట్టెలు కొనకండి. వాటి కార్డుల వెనక డిజైన్ వేరు, పోటీల్లో చెల్లవు. చవకగా వస్తున్నాయని జపాన్ కార్డులు కూడా కలపొద్దు, వాటి వెనక వైపూ వేరే.

పిల్లలు పుట్టిన సంవత్సరాన్ని బట్టి జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని మూడు విభాగాలు. మీవాడు జూనియర్లలోకి వస్తాడు. ప్లేయర్ ఐడీ మీ అనుమతితో ముందే తీసుకోవాలి, పొద్దున పోటీ దగ్గర తీసుకుందామంటే నెట్‌వర్క్ చిక్కులు తప్పవు.

అత్తగారికి చెప్పండి: ఇందులో పందెం లేదు. ఉన్నది ప్రవేశ రుసుమే. ముక్కలు కలపడం, కోయించడం మాత్రం అదే. ఆ రెండూ బాబుకి ఆవిడే నేర్పిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: వానాకాలం వస్తే నా మెరుపు కార్డులన్నీ వంగిపోతున్నాయి. పోయినసారి జడ్జి నా డెక్ చూసి హెచ్చరిక ఇచ్చారు. నేనేమీ మోసం చేయలేదు. — దర్గామిట్ట, నెల్లూరు

మీరు మోసం చేశారని జడ్జి అనలేదు. డెక్ వెనక వైపు చూసి ఏ కార్డో పోల్చుకోగలిగితే చాలు, అవి గుర్తుపడిన కార్డులే. మీకు తెలిసి చేశారా లేదా అన్నది తర్వాతి మాట. అక్కడక్కడ ఒకటీ అరా అయితే హెచ్చరికతో పోతుంది. వంగినవన్నీ మీ ముఖ్యమైన కార్డులే అయితే గేమ్ పోతుంది.

మెరుపు కార్డుకు ఒక వైపు రేకు, మిగిలినదంతా కాగితం. తేమ తగిలితే కాగితం ఉబ్బుతుంది, రేకు ఉబ్బదు. అందుకే వంగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో నెల్లూరులో ఇది తప్పదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి డెక్‌ని అందులో పెట్టండి. కార్డుల్ని ఆనించి మధ్యలో ఖాళీ లేకుండా చూడండి, పైన కొంచెం బరువుంటే ఇంకా నయం. వంగినదాన్ని ఇస్త్రీ పెట్టడం, వేడి చూపించడం చేయకండి. ఎండాకాలం స్కూటీ సీటు కింద వదిలేసినా అదే గతి పడుతుంది. అన్నిటికన్నా సుఖమైన దారి, అదే కార్డు మెరుపు లేనిది దొరికితే అది వాడటం. బలం ఒకటే, ధర కూడా తక్కువ.

స్లీవ్‌ల కొలత 66 × 91 మిల్లీమీటర్లు ఉండాలి. కార్డు 63 × 88. ఒకే రకం ప్యాకెట్లు రెండు కొనండి, ఒక దాన్నుంచి 60 వేసి రెండోది చినిగినవాటికి దాచుకోండి. పోటీకి రెండు రోజుల ముందు కొత్తవి వేసి నాలుగు ఆటలు ఆడితే జిగురు పోయి చేతికి వస్తాయి. ఒక్క మాట. పోకెమాన్‌కి ఒక రంగు స్లీవ్, ఎనర్జీకి ఇంకో ప్యాకెట్‌లోవి అని ఎప్పుడూ వేయకండి. స్లీవ్‌ల అంచుల్లో సన్నని తేడా ఉన్నా వేళ్లకు తెలుస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. డెక్‌ని బల్ల మీద పెట్టి కళ్లు దాని ఎత్తుకి దించి పక్క నుంచి చూడండి. ఎక్కడైనా సందు కనబడితే అక్కడి కార్డు వంగింది. తర్వాత కళ్లు మూసుకుని పదిసార్లు కోయండి. మూడు నాలుగు సార్లు అదే కార్డు దగ్గర తెగితే, దాన్ని మార్చాల్సిందే.

ప్రశ్న: ఐదు రౌండ్ల పోటీలో ఒక్కటీ ఓడలేదు. అయినా మూడు గెలుపులు, రెండు డ్రాలతో టాప్‌కి (చివరి దశకి) పోలేదు. ఒక ఓటమి ఉన్నవాళ్లు వెళ్లారు. ఇదెట్టా? — ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

గెలిస్తే 3 పాయింట్లు, డ్రాకి 1, ఓడితే 0. మీకు 9కి 2 కలిపి 11. నాలుగు గెలిచి ఒకటి ఓడినవారికి 12. ఈ లెక్కలో రెండు డ్రాల కన్నా ఒక గెలుపు, ఒక ఓటమి మేలు.

డ్రాలు ఎందుకొస్తాయో చూడండి. మూడింట రెండు గెలవాల్సిన మ్యాచ్‌కి 50 నిమిషాలు. సమయం అయిందని పిలిచాక నడుస్తున్న టర్ను, దాని తర్వాత 3 టర్నులు. మొదటి గేమ్‌కే 35 నిమిషాలు తింటే మిగతాది ఎవరికీ దక్కదు. మొదటి గేమ్‌లో ఎదుటివారికి ఒక్క ప్రైజు మిగిలి, మీకు నాలుగున్నాయి, మ్యాచ్ మొదలై 20 నిమిషాలైంది అనుకోండి. అక్కడ ఇంకో పది నిమిషాలు పోరాడటం పట్టుదల అనిపించొచ్చు, కానీ పోయేది రెండో, మూడో గేమ్‌లు ఆడే సమయం. కార్డులు మడిచి ‘ఇచ్చేశాను, రెండో గేమ్’ అనండి. తర్వాతి గేమ్‌లో ముందు వెళ్లాలా వద్దా అన్నది ఓడినవారే ఎంచుకుంటారు, అది మీ చేతిలోకి వస్తుంది.

మీ టర్ను వేగం కూడా చూసుకోండి. ఎదుటివారు ఆడుతున్నప్పుడే మీ తర్వాతి ఆట ఆలోచించాలి. డెక్ వెతికాక ప్రతిసారీ కుప్పలు కుప్పలుగా పంచి కలపడం మానండి. అది లెక్కపెట్టడానికి పనికొస్తుంది గానీ నిజంగా కలపడం కాదు, నిమిషం మాత్రం పోతుంది. రెండు సగాలు ఒకదాన్లో ఒకటి దూర్చి ఏడుసార్లు కలిపి, కోయడానికి ఇవ్వండి.

ఎదుటివారే నిదానంగా ఆడుతుంటే? ఒకసారి మెల్లగా చెప్పండి. వినకపోతే చెయ్యెత్తి ‘జడ్జ్’ అని పిలవండి. 45వ నిమిషంలో పిలిస్తే పోయిన సమయం తిరిగి రాదు, 15వ నిమిషంలోనే పిలవాలి. జడ్జిని పిలవడం గొడవ పెట్టుకోవడమని మనవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం అక్కర్లేదు. ఎదుటివారి కార్డు చదివి చూడటం, చేతిలో, డెక్‌లో ఎన్ని కార్డులున్నాయో అడగటం కూడా మీ హక్కే.

ఇంకొకటి. చివరి రౌండులో ‘గెలుపు నాకివ్వు, బహుమతి పంచుకుందాం’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోకండి, వెంటనే జడ్జికి చెప్పండి. అలా అడిగినా, ఒప్పుకున్నా పోటీ నుంచే తీసేస్తారు.

ప్రశ్న: పోటీ రోజు సంచిలో ఏముండాలి? — మార్కాపురం

డెక్, పది అదనపు స్లీవ్‌లు, డ్యామేజీ చూపించే పాచికలు, పోకెమాన్‌కి తగిలే విషానికీ మంటకీ గుర్తులు, ప్లేయర్ ఐడీ, నీళ్లు, రౌండ్ల మధ్య తినడానికి చేతికి జిడ్డంటనిది ఏదైనా. మిర్చి బజ్జీ తిన్న చేత్తో స్లీవ్‌లు ముట్టుకుంటే పైన చెప్పిన గుర్తుల గొడవ మళ్లీ మొదలవుతుంది.

డెక్ జాబితా రెండు ప్రతులు. పోకెమాన్లకు పేరు ఒక్కటే చాలదు, సెట్ గుర్తు, కార్డు నంబరు కూడా రాయాలి. ఒకే పేరుతో వేర్వేరు దాడులున్న కార్డులుంటాయి. ఒకే పేరున్నవి నాలుగుకు మించకూడదు, మామూలు ఎనర్జీకి ఆ హద్దు లేదు. చారిజార్డ్, చారిజార్డ్ ఈఎక్స్ వేర్వేరు పేర్ల కింద లెక్క. జాబితా రాశాక డెక్‌ని బల్ల మీద పరిచి ఇంకొకరి చేత చదివించి సరిచూసుకోండి. జాబితాలో 60 ఉండి పెట్టెలో 59 ఉన్నా శిక్షే, గేమ్ పోవచ్చు.

ప్రశ్న: పోటీ పొద్దున 10 గంటలకి. ఆ రోజే బయల్దేరితే సరిపోదా? — గూడూరు

హైదరాబాద్ అయితే ముందు రోజు సాయంత్రం సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. చెన్నై దగ్గరే గదా అని పినాకిని ఎక్స్‌ప్రెస్‌ని నమ్ముకుంటే దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది. రౌండు మొదలయ్యాక సీట్లో లేకపోతే మొదటి గేమ్ పోతుంది, ఇంకా ఆలస్యమైతే మ్యాచే పోతుంది. రిజిస్ట్రేషన్ మూసే సమయం పోటీ సమయానికన్నా ముందే ఉంటుంది, టికెట్టు దాన్ని చూసి తీసుకోండి.