కోర్టుకు ముందు వచ్చిన ఉత్తరం

ప్రశ్న: నాలుగేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నేను కేర్ హోమ్‌లో నైట్ షిఫ్టులు చేస్తాను. ఎక్కాలు రాలేదని మా వారు ఎనిమిదేళ్ల బాబును బెల్టుతో కొట్టారు. స్కూల్లో టీచర్ వాతలు చూసింది. ఆరు నెలలుగా సోషల్ వర్కర్లు వస్తున్నారు. వాళ్లు చెప్పిన పేరెంటింగ్ క్లాసులకు డ్యూటీల వల్ల వెళ్లలేకపోయాం. ఇప్పుడు కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) నుంచి ‘లెటర్ బిఫోర్ ప్రొసీడింగ్స్’ వచ్చింది. వచ్చే వారం మీటింగ్. బాబును తీసుకుపోతారేమోనని నిద్ర పట్టడం లేదు. వెంటనే వాడిని గుంటూరు పంపేయమంటున్నారు అత్తగారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అది కోర్టుకు వెళ్లే ముందు కౌన్సిల్ ఇచ్చే హెచ్చరిక. ఆ ఉత్తరం వచ్చిందంటే కేసు ఇంకా కోర్టుకు వెళ్లలేదనే అర్థం. సోషల్ వర్కర్ తనంతట తాను బాబును తీసుకుపోలేరు. మీరైనా ఒప్పుకోవాలి, కోర్టు ఆర్డరైనా ఉండాలి. పెద్ద ప్రమాదం ఉందనుకుంటే పోలీసులు 72 గంటల వరకు వేరేచోట ఉంచగలరు. బాబును హడావిడిగా విమానం ఎక్కిస్తే పారిపోతున్నారని అనుకుంటారు, ఇంకా బయటే ఉన్న కేసు అదే రోజు కోర్టు మెట్లెక్కవచ్చు. అత్తగారిది మనవడి మీద ప్రేమే. కానీ ఈ విషయంలో ఆవిడ మాట వినకండి.

ఈరోజే ఆ ఉత్తరం పట్టుకుని పిల్లల కేసులు చూసే సొలిసిటర్‌కు, అంటే లాయర్‌కు, ఫోన్ చేయండి. ఈ ఉత్తరం అందిన తల్లిదండ్రులకు జీతం ఎంతని అడగకుండా ఉచితంగా న్యాయ సలహా ఇస్తారు. వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకోకూడదు) అని ఉంటుందిగా, అది చూసి మనవాళ్లు చాలామంది వెనకాడతారు. ఈ ఉచిత న్యాయ సహాయం, అంటే లీగల్ ఎయిడ్, ఆ లెక్కలోకి రాదు. మీ వారు మిమ్మల్నీ కొడుతుంటే, లేదా మీ ఇద్దరి మాట ఒకటి కాకపోతే, మీకు వేరే సొలిసిటర్‌ను అడగండి.

మీటింగ్‌కు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి. బాబుతో మాత్రం అనువాదం చేయించకండి. మనకో అలవాటు ఉంది: అర్థం కాకపోయినా మర్యాదకి తలూపి “ఓకే, ఓకే” అంటాం. అక్కడ దాన్ని ఒప్పుకున్నట్టు రాసుకుంటారు. బాబును కొన్నాళ్లు వేరేచోట ఉంచుదామని ‘సెక్షన్ 20’ కాగితం ముందు పెడితే, సొలిసిటర్‌తో మాట్లాడకుండా సంతకం చేయకండి. చేసినా, ఆ సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు.

ఇక దెబ్బల సంగతి. “మేం తినలేదా దెబ్బలు, బాగుపడలేదా” అని మీ వారు అక్కడ అంటారేమోనని నా భయం. వాతలు తేలేలా బెల్టుతో కొట్టడాన్ని అక్కడి చట్టం క్రమశిక్షణ కింద చూడదు. మీరు గుంటూరు నుంచి రాసినా నేను ఇదే మాట చెప్పేదాన్ని, ఎనిమిదేళ్ల ఒంటికి బెల్టు దెబ్బ ఎక్కడైనా ఒకటే. “కొట్టాను, తప్పు చేశాను, ఇకపై ఇలా చేస్తాను” అని ఆయన నోటితో ఆయనే చెప్పాలి. చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఈ ఉత్తరం రావడానికి ఆ ఒక్క దెబ్బ కంటే ఆరు నెలల్లో ఏదీ మారలేదన్న అనుమానమే పెద్ద కారణం కావచ్చు. మీ రోటా (షిఫ్టుల పట్టిక) కాగితం తీసుకెళ్లండి. ఏ రోజైతే క్లాసుకు రాగలరో మీరే చెప్పండి, షిఫ్ట్ మార్చమని మేనేజర్‌ను అడిగిన మెసేజ్ చూపించండి.

‘ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్’ పెట్టమని కూడా అడగండి. అందులో మీ బంధువులు, దగ్గరి స్నేహితులు కూర్చుని బాబు కోసం తామే ఒక ప్లాన్ తయారు చేస్తారు. అత్తగారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టవచ్చేమో అడగండి, ఆవిడ ప్రేమ అక్కడ పనికొస్తుంది. మీకు నైట్ డ్యూటీ ఉన్నప్పుడు బాబు దగ్గర ఎవరుంటారు, హోంవర్క్ ఎవరు చేయిస్తారు, మీ వారికి కోపం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు అనేవి పేర్లతో సహా రాయండి.

వీటన్నిటి మధ్య బాబును మర్చిపోకండి. తన వల్లే ఇంట్లో ఇంత గొడవ అని వాడు అనుకుంటూ ఉంటాడు. “ఎందుకు చెప్పావురా” అని ఎవ్వరూ అడగొద్దు. ఈ రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు వాడి పక్కన కూర్చుని, “టీచర్‌కి చెప్పడం తప్పు కాదు నాన్నా” అనండి.