బొమ్మలో మనిషి, మనిషి చుట్టూ చోటు

ప్రశ్న: మా అమ్మాయి బడి చదువు చివరి ఏడాదిలో ఉంది. నిన్నమొన్నటి వరకు ఫోటో చూసి ముఖాలను పెన్సిల్‌తో అచ్చు గుద్దినట్టు గీసేది. ఇప్పుడు వంటింట్లోనో బస్సులోనో కనిపించే మనుషులను చార్‌కోల్, ఇంకు, వాటర్ కలర్, అతికించిన కాగితం ముక్కలు కలిపి వేస్తోంది. పోలికలు మునుపటిలా కుదరడం లేదు. ఈ మిక్స్‌డ్ మీడియా పనితో ఆర్ట్ కాలేజీలో సీటు, ఆ తరువాత ఉపాధి దొరుకుతాయా? మూడు బొమ్మలు జతచేశాను.

జవాబు: పోలిక తప్పుతున్నదని మీరు కంగారు పడనక్కరలేదు. ఫోటోలో వెలుగు, కోణం, అంచులు అన్నీ కెమెరా ముందే తేల్చి పెడుతుంది. ఎదుట కదులుతున్న మనిషిని గీసేటప్పుడు అవన్నీ మీ అమ్మాయే క్షణాల్లో తేల్చుకోవాలి కనుక కొన్నాళ్లు ముక్కు, కళ్లు అటూ ఇటూ అవుతాయి. పోర్ట్‌ఫోలియో (విద్యార్థి ఎంచి పంపే తన బొమ్మల సంపుటి) చూసి సీటిచ్చే కళాశాలలు సాధారణంగా ఫోటో నకళ్లకంటే ఎదుట చూసి గీసిన పనికే ఎక్కువ విలువ ఇస్తాయి.

నాకు కనిపించిన లోపం వేరు. వంటింటి బొమ్మలో స్టవ్ ముందు నిలబడిన స్త్రీని పూర్తిగా గీసిన తరువాతే చుట్టూ గోడ, గట్టు చేర్చినట్టున్నారు. అందుకే ఆమె పాదాలు నేలను తాకడం లేదు. బస్సు బొమ్మలో వెనుక నిలబడినవారి తలలు కిందికి జారాయి. గీసేవారు నిలబడి చూస్తున్నప్పుడు, అదే నేల మీద ఇంచుమించు అదే ఎత్తున్న వారందరి కళ్లూ, దగ్గరున్నా దూరమున్నా, ఒకే గీత మీదికి వస్తాయి. ఆ గీతను ముందుగా వేసుకుని, గదిని, మనిషిని ఒకేసారి మొదలుపెట్టమనండి.

రకరకాల సామగ్రిని కలపడం విషయంలో నేను అడిగేది ఒక్కటే: ఫలానా సామగ్రి ఇక్కడ ఏ పని చేస్తున్నది? రెండో ప్రపంచ యుద్ధంలో, 1940–41లో, జర్మన్ బాంబు దాడులకు భయపడి లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకున్న జనాన్ని బ్రిటిష్ శిల్పి హెన్రీ మూర్ చిత్రించారు. ఆయన వాడిన తెల్ల మైనపు క్రేయాన్ మీద వాటర్ కలర్ నిలవదు; గీసినచోటు తెల్లగా మిగిలి, చుట్టూ రంగు ముదురుతుంది. చీకటి సొరంగంలో దుప్పట్లు కప్పుకున్న శరీరాలు అలాగే తేలి వచ్చాయి. పడుకున్నవారి ఎదుట కూర్చుని గీయడం మర్యాద కాదని, ఆయన చిన్న గుర్తులు రాసుకుని తరువాత జ్ఞాపకంతో బొమ్మలు వేసేవారు. అపరిచితులను గీసే మీ అమ్మాయికి ఈ సంగతి కూడా తెలియడం మంచిది. అమెరికన్ చిత్రకారుడు రొమేర్ బేర్డెన్ 1971లో చేసిన 'ద బ్లాక్'లో న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతపు వీధి ఒకటి రంగు కాగితాలు, ఫోటో ముక్కలతో సుమారు 18 అడుగుల పొడవున పరుచుకుంటుంది. అక్కడ అతికించిన ముక్కలే కిటికీలు, గోడలు, మనుషులు. మీ అమ్మాయి గోడకు అతికించిన వార్తాపత్రిక మాత్రం ఖాళీని కప్పడానికి పనికొచ్చిందే తప్ప గోడ కాలేదు. పైగా ఆ కాగితం త్వరలోనే పసుపుబారుతుంది.

కాగితం 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు) బరువున్నదైతే తడికి అంతగా ముడుచుకోదు. ఆయిల్ పాస్టల్ మీద ఆక్రిలిక్ పట్టదు కాబట్టి ఆక్రిలిక్ ముందు, పాస్టల్ తరువాత. చార్‌కోల్‌ పొడి రాలకుండా ఫిక్సేటివ్ అనే స్ప్రే కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి.

ఇక ఉపాధి. గ్యాలరీ అమ్మకాల మీదే బతకడం చాలా కొద్దిమందికే సాధ్యమవుతుంది. దాన్ని లెక్కలో వేసుకోకండి. అయితే మనిషిని ఒక చోటులో నమ్మకంగా నిలబెట్టగల చేయి పిల్లల పుస్తకాల బొమ్మలకు, స్టోరీబోర్డులకు (సినిమా సన్నివేశాలను ముందుగా వరుస బొమ్మల్లో చూపడం), యానిమేషన్ లేఅవుట్‌కు (ప్రతి దృశ్యంలో పాత్రలు, నేపథ్యం ఎక్కడుండాలో గీయడం), రంగస్థల దృశ్యరూపకల్పనకు, కెమెరాను అనుమతించని న్యాయస్థానాల చిత్రణకు కావాలి. వీటిలో చాలా పని ఇప్పుడు తెర మీదే జరుగుతుంది కనుక డిజిటల్ డ్రాయింగ్ కూడా నేర్వక తప్పదు. ఆమెకు కథ చెప్పడం మీద ఇష్టముంటే, ఫైన్ ఆర్ట్స్ కంటే ఇలస్ట్రేషన్ కోర్సుకే నేను మొగ్గు చూపుతాను. కానీ ఆ మాట ముందు ఆమెను అడగండి.

ఎన్ని బొమ్మలు పంపాలో ప్రతి కళాశాలా చెబుతుంది. ఆ లెక్కలోపు స్కెచ్‌బుక్ పేజీలు, చెడిపోయినవి సహా, కొన్ని ఉండనివ్వండి. పెన్సిల్ ముఖాలు రెండు చాలు. వంటింటి బొమ్మను తీసేయనివ్వకండి. పాదాలు మాత్రం మళ్లీ గీయమనండి.