సీసాలో బిళ్ళగన్నేరు

ప్రశ్న: బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందు తీస్తారట. మొక్కతో పనిలేకుండా ల్యాబులోనే తయారుచేయలేరా మేడమ్?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ఆశతోనే రెండేళ్లు సీసాల ముందు కూర్చున్నానమ్మా. ఆకుముక్కను చక్కెర, లవణాలు, హార్మోన్లు కలిపిన అగర్ అనే జెల్లీ మీద పెట్టి 25 డిగ్రీల్లో ఉంచితే, కొన్ని వారాలకు అంచుల వెంట తడిరవ్వలాంటి ముద్ద పొంగుతుంది. అదే కేలస్. మొదటిసారి చూసినప్పుడు ఎంత సంబరపడ్డానో!

కానీ మీరడిగిన క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ తయారవ్వాలంటే, మొక్కలోని కాథరాంథిన్ అనే పదార్థానికి విండోలిన్ అనే మరో పదార్థం జతకావాలి. మొదటిది ముద్దలోనూ దొరుకుతుంది. రెండోదాని తయారీలో చివరి మెట్లు ఆకులోని ప్రత్యేక కణాల్లోనే జరుగుతాయి, ముద్దలో అవి ఉండవు. అందుకే గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాల్సివస్తోంది. యూ చెట్టు కణాలనైతే పెద్ద ట్యాంకుల్లో పెంచి పాక్లిటాక్సెల్ అనే మరో క్యాన్సర్ మందు తీస్తున్నారు.

మీ పెరటి ఆకును మాత్రం కషాయం కాయకండమ్మా, విషం.