పగులు ఎక్కడుందో పట్టుకునే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. వంతెనలు, భవనాల్లో దెబ్బతిన్న చోట్లను కనిపెట్టే రంగంలోకి వెళ్తానంటోంది. ఎన్‌డీటీ (నిర్మాణాన్ని పగలగొట్టకుండానే లోపాలు పరీక్షించే పద్ధతి) సర్టిఫికెట్ కోర్సులో చేర్పించమంటారా? భవిష్యత్తు ఉంటుందా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మంచి రంగమే ఎంచుకుంది, వెళ్లనివ్వండి. కోర్సు ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి.

1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. వంతెనను మోసే ఒక ఉక్కు పట్టీలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతున్న పగులే కారణం. జాయింటు విప్పితే తప్ప కనిపించని చోట ఉందది. అలాంటిదాన్ని విప్పకుండానే పట్టుకోవడం మీ అమ్మాయి కోరుకుంటున్న పని.

ఎలాగంటే, ఉక్కులో పగులు పెరుగుతున్నప్పుడు సన్నని ధ్వని తరంగం పుడుతుంది. ఒకదానికొకటి 10 మీటర్ల దూరంలో, పగులుకు చెరో వైపు రెండు సెన్సార్లు పెట్టామనుకోండి. తరంగ వేగం సెకనుకు 5,000 మీటర్లు. ఒక సెన్సారుకు 0.4 మిల్లీసెకన్లు ముందుగా అందితే, రెండు దూరాల తేడా 2 మీటర్లు. అందులో సగం, అంటే పగులు సరిగ్గా మధ్య నుంచి ఆ సెన్సారు వైపు ఒక మీటరు దూరంలో ఉన్నట్టు. ఈ లెక్క మీ అమ్మాయి ఇప్పుడే చేసేస్తుంది. అసలు వంతెన మీద మాత్రం బోల్టుల రాపిడి, లారీల అదురు కూడా సెన్సారుకు వినిపిస్తాయి. ఏది పగులు, ఏది కాదు అని తేల్చాలంటే ఆ నిర్మాణంలో బలం ఎటు నుంచి ఎటు పోతుందో తెలియాలి. అది చిన్న కోర్సుతో వచ్చేది కాదు.

అందుకే స్ట్రక్చరల్ అనాలిసిస్ (నిర్మాణంలో బలాల లెక్క), డైనమిక్స్ (అదురుల లెక్క) గట్టిగా చదవమనండి. పక్కనే పైథాన్ ప్రోగ్రామింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ (సెన్సారు సంకేతాలను విడదీసి చూడటం). గేట్ రాసి స్ట్రక్చరల్‌లో ఎంటెక్ చేస్తే దారి బాగా తెరుచుకుంటుంది. చెన్నైలోని సీఎస్‌ఐఆర్–ఎస్‌ఈఆర్‌సీ (స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం) ఈ విషయాల మీదే పనిచేసే సంస్థ, ఇంటర్న్‌షిప్‌కు తప్పక ప్రయత్నించాలి. ఎన్‌డీటీ లెవెల్ 1, 2 సర్టిఫికెట్లకు క్లాసులతోపాటు పని అనుభవమూ లెక్కలోకి వస్తుంది కాబట్టి అవి ఉద్యోగంలో చేరాకే మేలు.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు. రైల్వే వంతెనల మీద రాత్రి డ్యూటీలు, ఎత్తులెక్కడం తప్పవు. ఆ సంగతి ఆమెతో ముందే మాట్లాడండి. ఈలోగా కాలేజీ ల్యాబ్‌లో రీబౌండ్ హామర్ (కాంక్రీటు గట్టిదనం చూసే సుత్తి), అల్ట్రాసోనిక్ పరికరం (ధ్వని తరంగాలతో లోపల పరీక్షించేది) ఉంటే, కావాలనే లోపల ఖాళీ వదిలి పోసిన కాంక్రీటు దిమ్మ మీద ప్రాజెక్టు చేయమనండి. ఆ ఖాళీ ఎక్కడుందో తెలియని స్నేహితురాలి చేత వెతికించాలి.