తెల్ల చొక్కా అడిగితే నీలం చొక్కా వచ్చింది

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఊరు. వయసు 26. బీఈడీ చేసి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తున్నాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు యూత్ రిట్రీట్‌లో, కాబోయే భర్త ఎలా ఉండాలో రాసుకుని దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయమన్నారు. రక్షణ పొందినవాడు, తాగుడు లేనివాడు, పొడుగు, గవర్నమెంటు ఉద్యోగం, కీబోర్డు వాయించాలి అని రాసుకున్నాను. ఇన్నేళ్లూ ప్రార్థన మానలేదు. ఈ మధ్య మిర్యాలగూడ సంబంధం వచ్చింది. అబ్బాయి రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. పెళ్లిచూపులకు ముందు రోజు ఉపవాసం ఉండి, ఇతనే నీ చిత్తమైతే తెల్ల చొక్కాలో రావాలి ప్రభువా అని అడిగాను. నీలం చొక్కా వేసుకొచ్చాడు. మనిషి మాత్రం నచ్చాడు. టీ తాగాక వాళ్లమ్మ వద్దంటున్నా కప్పులన్నీ తనే తీసి లోపల పెట్టి వచ్చాడు. మధ్యవర్తి ఏమో బండి, ఐదు తులాలు అంటున్నాడు. నచ్చాడనుకోవడం శరీరాశేనా? వద్దని చెప్పాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బిడ్డా, ఆ రోజు వాళ్లింట్లో ఏ చొక్కా ఇస్త్రీ అయి ఉందో నీకు తెలిసింది. అంతకు మించి తెలిసిందేమీ లేదు.

గుర్తు అడగడమే తప్పని నేననను. బైబిల్లో ఆదికాండము 24లో, యజమాని కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతకడానికి వెళ్లిన అబ్రాహాము దాసుడు అడిగాడు కదా అంటారు అందరూ. అడిగాడు. ఏం అడిగాడో చూడు. తాగడానికి నీళ్లిమ్మంటే, నీకే కాదు, నీ ఒంటెలకు కూడా పోస్తానని ఏ పిల్ల అంటుందో ఆమే ఇస్సాకుకు తగిన పిల్ల కావాలని. వెంట ఉన్నవి పది ఒంటెలు. బాగా దప్పి మీదున్న ఒంటె ఒక్కటే వంద లీటర్ల దాకా తాగగలదు. అందులో సగమే తాగాయనుకున్నా, అలా అన్న పిల్ల రిబ్కా ఎన్నిసార్లు దిగి, కడవ ముంచుకుని, ఎక్కి రావాలి! బోరింగు కాడి నుంచి ఇంటికి బిందెలు మోసిన ఆడవాళ్లు మీ వైపు చాలామంది ఉన్నారు, వాళ్లను అడుగు చెప్తారు. ముక్కూమొహం తెలియని ముసాఫిరుకీ, వాడి పశువులకూ, పరుగెత్తి మరీ నీళ్లు తోడింది. ఆ గుర్తు అడగడంలోనే పిల్ల గుణం బయటపడే ఏర్పాటు ఉంది. చొక్కా రంగులో ఏ గుణం తెలుస్తుంది?

ఇంకో సంగతి. అడిగినట్టే జరిగినా ఆయన వెంటనే హల్లెలూయ అనలేదు. 21వ వచనం చదువు. ఊరుకుని ఆమెనే గమనిస్తూ నిలబడ్డాడు. తర్వాత, ఎవరి పిల్లవమ్మా అని అడిగాడు. ఇంటికి వెళ్లి, అన్నం పెట్టినా ముందు పని చెప్పందే తిననన్నాడు. ప్రార్థన చేసిన మనిషే విచారణ కూడా చేశాడన్నమాట. మన ప్రార్థన కూటాల్లో విచారణ అంటే అవిశ్వాసం కింద లెక్క! ఎవరికో కల వచ్చిందంటే మాత్రం చప్పట్లు.

నువ్వు ఒక్క మాటలో చెప్పి వదిలేశావు గానీ, నీ ఉత్తరంలో నేను రెండోసారి చదివింది టీ కప్పుల మాటే. మన పాలమూరు, నల్లగొండ ఇళ్లలో పెళ్లిచూపులకొచ్చిన పిల్లవాడు కప్పు తీయడం ఎంతమంది చూసి ఉంటారు? అది చాలని కాదు. ఒక పూట ఎవరైనా బాగానే ఉంటారు. కానీ చొక్కా కంటే కప్పులే ఎక్కువ చెప్పాయి.

నీ చీటీ గురించి. మొదటి రెండూ ఉంచుకో, వాటిలో బేరం లేదు. మిగతావి ఇంటర్ పిల్ల రాసుకున్నవి. కీబోర్డు వాయించేవాళ్లు మన చర్చిల్లో కొదవ లేదులే, ఆదివారం పూట వినొచ్చు.

నచ్చడం శరీరాశ కాదు. మొదటి కొరింథీయులకు 7:39లో పౌలు, విధవరాలు మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే తనకిష్టమైనవాణ్ణి చేసుకోవచ్చన్నాడు, ప్రభువునందు మాత్రమే అన్న ఒక్క షరతుతో. ఇష్టాన్ని ఆయనే ఒప్పుకున్నాక నీకెందుకు అనుమానం? రిబ్కాను కూడా, ఈ మనిషితో వెళ్తావా అని ఇంట్లోవాళ్లు అడిగారు. వెళ్తానన్నాకే పంపారు.

ఇక బండి, ఐదు తులాలు. అదే అధ్యాయంలో బంగారం ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూశావా? పెళ్లికొడుకు తరఫు మనిషి పిల్లకు వెండి, బంగారు నగలు, బట్టలు పెట్టాడు. ఆమె అన్నకూ, తల్లికీ విలువైన వస్తువులిచ్చాడు. తెల్లారి లేస్తే రిబ్కా కథ చెప్పే మనవాళ్లు కట్నం దగ్గరకొచ్చేసరికి ఈ ముక్క దాటేస్తారు. దేశంలో 1961 నుంచే వరకట్న నిషేధ చట్టం ఉంది. ఇవ్వడం, తీసుకోవడమే కాదు, అడగడం కూడా నేరమే.

ప్రార్థన మానకు. కాకపోతే, ఇవ్వు ఇవ్వు అని కాకుండా అతని కోసం చెయ్యి. ఈ అబ్బాయే కానీ, ఇంకొకరే కానీ, అతను ఇప్పుడే ఎక్కడో బతుకుతున్నాడు. అప్పు తీరుస్తుండవచ్చు, తండ్రిని ఆసుపత్రికి తిప్పుతుండవచ్చు. పెళ్లయ్యాక కూడా ఈ పని ఉంటుంది. ఇస్సాకు 40 ఏళ్లకు రిబ్కాను పెళ్లి చేసుకున్నాడు. భార్యకు పిల్లలు లేరని ఆమె కోసం వేడుకున్నాడు. కవలలు పుట్టేసరికి ఆయనకు 60.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మీ నాన్నను చెప్పాపెట్టకుండా ఒక మామూలు ఆదివారం వాళ్ల చర్చికి వెళ్లిరమ్మను. పండుగ రోజు వద్దు, పండుగకు అందరూ వస్తారు. పాస్టరుగారితో, మిల్లులో పనిచేసేవాళ్లతో మాట్లాడమను. జీతమెంతో, అప్పులెన్నో, జీతం రోజు సాయంత్రం ఎక్కడుంటాడో తెలుసుకోవాలి. నువ్వు కూడా మీ ఇంట్లోనే, పెద్దవాళ్లు వరండాలో ఉండగా, అతనితో ఒక గంట కూర్చో. పెళ్లయ్యాక నీ ఉద్యోగం, జీతం సంగతి అడుగు. బండి, బంగారం నువ్వు అడిగించావా అని కూడా సూటిగా అడుగు. ఆ జవాబు అతని నోటి నుంచే వినాలి. మధ్యవర్తి ఫోన్ స్పీకర్‌లో పెట్టి చెప్పింది లెక్కలోకి రాదు.